ఉక్కు కొండ, ఒక కొలబద్ద

సెలవులు దగ్గర పడగానే మన ఇండ్లలో పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఈసారి ఎక్కడికి తీసుకెళ్తారు?" ఒకప్పుడు దీనికి అమ్మమ్మగారి ఊరు, తాతగారి ఊరు అని రెండే జవాబులుండేవి. ఇప్పటి పిల్లలకు మూడవ జవాబు కావాలి. మనిషిని ఆకాశములోకి తీసుకొనిపోయి, తలకిందులుగా తిప్పి, మళ్ళీ బయలుదేరిన చోటనే దించే రోలర్ కోస్టరు ఉన్నచోటికి వెళ్దామంటారు. దీనికి పెద్దలు రెండు విధాలుగా జవాబు చెబుతారు. కొందరు "డబ్బులిచ్చి భయపడడమెందుకురా?" అని కసురుతారు. మరికొందరు "భయమేమిటి? మగపిల్లవాడివి కాదూ, ఎక్కు!" అని ముందుకు తోస్తారు. ఈ రెండూ తొందరపాటు మాటలేనని మాకు తోస్తున్నది. ఎందుకో చెబుతాము.

2023 అక్టోబరులో, దసరా సెలవుల్లో, మా కాజీపేట సంఘమునుండి యౌవనస్థులతోను, నాలుగైదు కుటుంబాలతోను కలిసి మేము మహారాష్ట్రలోని ఖోపోలీ దగ్గర ఉన్న ఇమాజికా వినోదవనానికి వెళ్ళాము. సహ్యాద్రి కొండల పాదాల దగ్గర 2013లో తెరచిన స్థలమది. అక్కడ 'నైట్రో' అనే పెద్ద ఉక్కు రోలర్ కోస్టరు ఉంది. స్విట్జర్లాండుకు చెందిన బోలిగర్ అండ్ మాబియార్ అనే కంపెనీ దానిని తయారు చేసింది. ఒక్క ప్రయాణములో అయిదుసార్లు మనిషిని తలకిందులు చేస్తుంది. మా పిల్లలు రైలు ఎక్కినప్పటినుండి దాని పేరే జపించారు.

కొండలోనుండి పుట్టిన ఆట

రోలర్ కోస్టరును ఫ్రెంచివారు, స్పెయిన్‌వారు తమ భాషల్లో "రష్యా కొండలు" అని పిలుస్తారు. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రాంతములో పూర్వము చలికాలములో కట్టెలతో ఎత్తైన మంచెలు కట్టి, వాటిమీద నీళ్ళు పోసి, గడ్డకట్టిన మంచుమీద జారేవారట. కొండలేని చోట కొండను కట్టుకోవడమన్నమాట. అమెరికాలోని పెన్సిల్వేనియా కథ దీనికి తారుమారు. అక్కడ కొండ ముందే ఉంది. మాక్ చంక్ అనే ఊరి దగ్గర బొగ్గును కొండమీదనుండి దింపడానికి 1827లో పట్టాలు వేశారు. బొగ్గుబండ్లు తమ బరువుతోనే కిందికి దిగేవి. ఖాళీ బండ్లను పైకి లాగవలసిన కంచరగాడిదలు కూడా ఒక బండిలో నిలబడి దిగివచ్చేవి. తరువాత కాలములో ఆ పట్టాలమీద బొగ్గు మాని, సరదాకు వచ్చిన మనుషులను ఎక్కించారు.

ఆ దారిని చూసి ప్రేరణ పొందినవారిలో లామార్కస్ థాంప్సన్ ఒకరు. ఆయన 1884లో న్యూయార్కు దగ్గరి కోనీ ఐలండ్ సముద్రతీరములో ఒక రోలర్ కోస్టరును తెరిచారు. టిక్కెట్టు అయిదు సెంట్లు. వేగము గంటకు సుమారు పది కిలోమీటర్లు, అంటే మన సైకిలుకంటె తక్కువ. అయినా జనము బారులు తీరారు. ఆయనను గురించి రాసినవారు మరొక సంగతి కూడా చెబుతారు. ఆయన ఆదివారపు బడిలో పిల్లలకు బోధించేవాడట. సాయంకాలములో యువకులు సారాదుకాణాలకు, చెడ్డ ఇండ్లకు పోవడము చూసి బాధపడి, వారికి ఆరుబయట మంచి గాలిలో నవ్వుకొనే చోటు ఉండాలని కోరాడట. కాబట్టి "సంఘపువారికి ఈ ఆటలెందుకు?" అని అడిగే పెద్దలకు మేము చెప్పేదొక్కటే. ఈ ఆటను అమెరికాలో పెంచి పెద్దచేసినవాడు ఆదివారపు బడిలోనుండి వచ్చినవాడే!

భోర్ ఘాట్ దిగువన

మా సంఘములో రైల్వే కుటుంబాలు ఎక్కువ. మాతో వచ్చినవారిలో ఉద్యోగ విరమణ చేసిన ఒక రైలు డ్రైవరుగారు ఉన్నారు. పిల్లలందరికీ ఆయన తాతగారే. కొన్నేళ్ళ క్రితము గుండెకు స్టెంటు వేయించుకున్నారు. "నేను ఏదీ ఎక్కను. మీ చెప్పులకు, సంచులకు కాపలా ఉంటాను" అని ముందే చెప్పి బయలుదేరారు.

పూణెలో రైలు దిగి బస్సు మాట్లాడుకున్నాము. లోనావాలా దాటిన తరువాత దారి ఒక్కసారిగా కిందికి వాలుతుంది. వానలు వెనుకబట్టిన రోజులు కనుక కొండలు ఇంకా పచ్చగా ఉన్నాయి. లోయ అంచున రైలు సొరంగాలు కనబడగానే తాతగారు కిటికీ దగ్గరికి జరిగి పిల్లలను పిలిచారు.

"ఇదే భోర్ ఘాట్. ఇక్కడ ముప్పై ఏడు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు ఎత్తు పెరుగుతుంది. రైలుకు అది చాలా నిటారు. ముందున్న ఇంజను చాలదు. కర్జత్‌లో వెనుక మరికొన్ని ఇంజన్లు తగిలించి లోనావాలా దాకా నెడతారు. నేను ఈ ఘాట్‌లో బండి నడపలేదు. వాడి జంక్షను రన్నింగ్ రూములో ఇక్కడివారు చెబుతుంటే విన్నాను."

"దిగేటప్పుడో, తాతయ్యా?" అని అడిగాడు పదేళ్ళ బాబు ఒకడు.

"అదిగో, అడగవలసిన మాట అదే! ఎక్కడము ఇంజను పని, దిగడము బ్రేకు పని. ఘాట్ దిగే దారిలో క్యాచ్ సైడింగులని ఉంటాయి. అవి ఎదురు కొండమీదికి పోయే పట్టాలు. బండి ఆగి, తాను అదుపులో ఉన్నట్టు చూపిస్తేనే మామూలు దారి ఇస్తారు. ఆగలేని బండి ఆ ఎదురు గట్టు ఎక్కి ఆగిపోతుంది. నేను మంచి డ్రైవరునని చెబితే చాలదురా. ఆగి చూపించాలి."

1856లో పని మొదలై 1863లో తెరచిన ఆ దారి కోసము వేలాదిమంది కూలీలు జబ్బులతోను, ప్రమాదాలతోను చనిపోయారని చరిత్ర చెబుతున్నది. కొండను మచ్చిక చేయడము ఎవరికీ ఊరకే రాలేదు. తాతగారి మాటల్లోని "ఆగి చూపించాలి" అన్నది మాత్రము ఆ రోజంతా మా చెవుల్లో ఉండిపోయింది.

గేటు దగ్గర

మేము వెళ్ళేసరికి నైట్రో ఇంకా తెరవలేదు. ఖాళీ బండి ఒకటి ఊరకే చుట్టు తిరిగి వస్తున్నది. "మనుషులు లేకుండా ఎందుకు తిప్పుతున్నారు? కరెంటు దండగ కదా" అన్నాడు బాబు. "మనకంటె ముందు అది పోయి చూసి వస్తున్నది" అన్నారు తాతగారు.

తరువాత వరుస కదిలింది. గేటు దగ్గర ఎత్తు కొలిచే కొలబద్ద ఉంది. ఇరవై, ఇరవై రెండేళ్ళ కుర్రవాడొకడు పిల్లలను ఒక్కొక్కరినే నిలబెట్టి చూస్తున్నాడు. మన బాబు వంతు వచ్చింది. గీతకు రెండు వేళ్ళు తక్కువ. వాళ్ళ నాన్నగారు చెవిలో ఏదో చెప్పారు. బాబు మునివేళ్ళ మీద లేచాడు. కుర్రవాడు నవ్వి, వాని భుజము మీద మెల్లగా చెయ్యి వేసి కిందికి దింపాడు. మళ్ళీ రెండు వేళ్ళు తక్కువే.

తండ్రికి కోపము వచ్చింది. అంత దూరమునుండి వచ్చాము, టిక్కెట్టు కొన్నాము, రెండు వేళ్ళకు ఇంత పట్టింపా అని అరిచారు. ఆ మాటలు విని వెనుకవారు గొణగడము మొదలుపెట్టారు. ఆయన మావైపు తిరిగి, "అయ్యగారూ, మీరొక మాట చెప్పండి. పాస్టరుగారు చెబితే కాదనడు" అన్నారు.

మన సమాజములో ఇది అలవాటైన మాట. ఆసుపత్రిలో, ఆఫీసులో, బడిలో, ఎక్కడైనా గీత అడ్డమొస్తే పెద్దమనిషి చేత ఒక మాట చెప్పిస్తే గీత జరుగుతుందని మనకు నమ్మకము. మేము కుర్రవానితో మాకు వచ్చిన హిందీలో, "ఈ నియమము దేనికి, బాబూ?" అని మాత్రమే అడిగాము. అతడు చెప్పిన జవాబును అలాగే తెలుగులో చెప్పాము. భుజాలమీదికి దిగే కమ్మీ శరీరానికి సరిగా అమరాలి. మనిషి చిన్నవాడైతే కమ్మీకి, ఒంటికి మధ్య సందు మిగులుతుంది. బండి తలకిందులైనప్పుడు, పక్కకు విసిరినప్పుడు ఆ సందులో శరీరము జారుతుంది. వయస్సు చూసి గాని, ధైర్యము చూసి గాని ఆ గీత పెట్టలేదు. "ఈ గీత నాకోసము కాదు సార్, బాబు కోసము" అని అతడు ముగించాడు.

తండ్రి తలవంచుకొని నిలబడ్డారు. బాబే ముందుగా తేరుకున్నాడు. "నాన్నా, మీరు ఎక్కండి. ఎలా ఉందో వచ్చి చెప్పండి. నేను తాతయ్య దగ్గర ఉంటాను" అని వరుసలోనుండి బయటికి వెళ్ళిపోయాడు. వాని కళ్ళల్లో నీళ్ళు తిరగడము మేము చూశాము. మునివేళ్ళ మీద లేచినందుకు వచ్చిన సిగ్గువల్లనే ఆ కన్నీళ్ళు వచ్చాయని మాకు తోచింది.

నలభై మీటర్ల పైనుండి

కళ్ళజోళ్ళు, ఫోనులు, చిల్లర డబ్బులు అన్నీ విప్పి దాచి మేము కుర్చీల్లో కూర్చున్నాము. ఆ తండ్రి మా పక్కనే. కమ్మీ దిగి, తాళము పడింది. సిబ్బంది ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి దానిని చేత్తో లాగి చూశారు. తరువాత కాళ్ళకింది నేల దిగిపోయింది. ఈ బండికి అడుగు పలక ఉండదు. కాళ్ళు గాలిలో వేలాడుతాయి.

గొలుసు బండిని పట్టుకొని పైకి లాగింది. నిజానికి భయము ఎక్కేటప్పుడే ఉంటుంది. చుట్టూ సహ్యాద్రి కొండలు ఎంతో అందముగా కనబడుతున్నాయి గాని, అందాన్ని చూసే తీరికలో ఎవరూ లేరు. వెనుక కుర్చీల్లో మా యౌవనస్థులు పాట అందుకున్నారు. సగము దూరములో ఆ పాట ఆగిపోయింది.

శిఖరము ఎత్తు సుమారు 40 మీటర్లు. అంటే పదమూడు అంతస్తుల మేడ. అక్కడ ఒక్క క్షణము బండి బరువు లేనట్టు తేలి, తరువాత వాలింది. ఆ ఎత్తునుండి ఏ అడ్డూ లేకుండా దిగే వస్తువు అడుగుకు చేరేసరికి గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగము అందుకుంటుంది. కడుపు గొంతులోకి వచ్చినట్టు ఉంటుందని అందరూ అంటారు. మాకు అంతకంటె గుర్తున్నది, దిగువన వంపు దగ్గర మా చేతులు మాకే బరువైపోవడము. చెంపలు కిందికి జారాయి. ఆ వెంటనే ఎదుట పట్టాలు ఆకాశములోకి లేచాయి, భూమి తలమీదికి వచ్చింది. చెట్లు తలకిందులుగా వేలాడుతూ కనిపించాయి. ఆశ్చర్యమేమిటంటే, తలకిందులైన ఆ క్షణములో పడిపోతున్నామని అనిపించదు. కుర్చీ మనలను వదలలేదని వీపుకు తెలుస్తూనే ఉంటుంది.

ఒక తిరుగుడు, మరొక తిరుగుడు, మెలిక, మళ్ళీ మెలిక. లెక్క తప్పింది. బ్రేకులు పట్టుకొనేసరికి అందరి గొంతులూ పోయాయి. రెండు నిమిషాలు కూడా పట్టినట్టు లేదు. కమ్మీ లేచింది. పక్కనున్న తండ్రి కాసేపు కదలలేదు. తన భుజాలకు, ఆ కమ్మీకి మధ్య చెయ్యి పెట్టి చూసుకుంటున్నారు. "అయ్యగారూ, మంచిదయింది" అన్నారు. అంతే. ఇంకేమీ అనకుండా కొడుకును వెదుక్కుంటూ వెళ్ళిపోయారు.

ఎందుకు పడిపోలేదు?

చెట్టునీడన చేరి పులిహోర పొట్లాలు విప్పినప్పుడు పిల్లల ప్రశ్నలు మొదలయ్యాయి. తలకిందులైనా ఎందుకు పడలేదు? బెల్టు వల్లనా?

బెల్టు, కమ్మీ తప్పనిసరి. కాని అసలు పని వేగానిది. చిన్న బకెట్టులో సగము నీళ్ళు పోసి, చెయ్యి చాపి గిర్రున తిప్పితే నీళ్ళు పడవు. నీళ్ళు ముందుకు తిన్నగా పోవాలని చూస్తాయి, బకెట్టు అడుగు వాటిని వంపు తిప్పుతుంది. అందుచేత నీళ్ళు అడుగునే హత్తుకొని ఉంటాయి. రోలర్ కోస్టరులో మనము నీళ్ళము, కుర్చీ బకెట్టు.

అయితే ఇక్కడొక చిక్కుంది. చక్రము నిఖార్సైన గుండ్రముగా ఉంటే, పైన పడిపోకుండా ఉండేంత వేగముతో తిరిగే మనిషికి అడుగున తన బరువుకు ఆరు రెట్లు బరువు తోస్తుంది. 50 కిలోల మనిషి 300 కిలోలైనట్టు ఉంటుంది. 1895లో కోనీ ఐలండ్‌లో 'ఫ్లిప్ ఫ్లాప్' అనే పేరుతో ఇలాంటి గుండ్రని చుట్టునే కట్టారు. ఎక్కినవారికి మెడలు పట్టేశాయి. 1901లో అక్కడే కొంచెము కోడిగుడ్డు ఆకారములో మరొకటి కట్టారు. అది కొంత మెరుగే గాని, ఒక్కసారికి ఎక్కగలిగినవారు కొద్దిమందే కావడముతో గిట్టుబాటు కాలేదు. ఆ తరువాత చాలాకాలము తలకిందుల ఆట మూలనపడింది.

రెండు మార్పులు దానిని తిరిగి లేపాయి. మొదటిది ఉక్కు గొట్టాల పట్టా. కాలిఫోర్నియాలోని డిస్నీలాండులో 1959లో కృత్రిమమైన మంచుకొండ చుట్టూ ఇలాంటి పట్టా మొట్టమొదట వేశారు. కట్టెకంటె ఉక్కు గొట్టాన్ని కావలసిన వంపుకు ఖచ్చితముగా వంచవచ్చు. రెండవది చుట్టు ఆకారము. జర్మనీకి చెందిన ఆంటన్ ష్వార్జ్‌కాఫ్, వెర్నర్ స్టెంగెల్ అనేవారు కాలిఫోర్నియాలోనే మ్యాజిక్ మౌంటెన్ అనే వినోదవనములో 1976లో 'రివల్యూషన్' అనే కోస్టరు కట్టారు. నిలువు చుట్టుతో వచ్చిన మొదటి ఆధునిక ఉక్కు కోస్టరు అదే. దాని చుట్టు గుండ్రముగా ఉండదు, నీటిబొట్టు ఆకారములో ఉంటుంది. వేగము ఎక్కువగా ఉండే అడుగున వంపు విశాలముగా మొదలై, వేగము తగ్గే పైభాగములో బిగువుగా మారుతుంది. అందువల్ల మెడమీద దెబ్బవలె పడవలసిన బరువు మెల్లగా వచ్చి మెల్లగా పోతుంది.

ఇది వినగానే తాతగారు తొడ చరిచారు. "మా రైలు పట్టాలూ అంతే! తిన్నని దారిని ఒక్కసారి వంపులో కలపరు. మధ్యలో కొంతమేర వంపును కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతారు. లేకపోతే మీరు బెర్తుమీదనుండి కింద పడరూ?"

ఇక చక్రాల సంగతి. బాబు అప్పటికే పట్టాల కిందనుండి చూసి కనిపెట్టాడు. పట్టామీద నడిచే చక్రాలు కొన్ని, పక్కనుండి ఒరుసుకొనేవి కొన్ని, పట్టా కిందనుండి పట్టుకొనేవి కొన్ని. మూడువైపులా చక్రాలు పట్టాను పిడికిలివలె బిగించి ఉంటాయి. కిందనుండి పట్టే చక్రానికి జాన్ మిల్లర్ అనే అమెరికా ఇంజనీరు 1919లో పేటెంటు పొందారు. ఆ చిన్న చక్రము వచ్చిన తరువాతనే కోస్టర్లు నిటారుగా దిగడానికి ధైర్యము చేశాయి. ఎక్కిన మాలో ఒక్కరమూ ఆ చక్రాలను చూడలేదు. ఎక్కనివాడు చూసి మాకు చూపించాడు.

యంత్రము ఆగుమన్నప్పుడు

అయితే ఇంత లెక్క, ఇంత ఉక్కు ఉన్నా ప్రమాదాలు జరగలేదా? జరిగాయి. వాటిలో ఒకటి ప్రతి కుటుంబ పెద్దా తెలుసుకోదగినది.

ఇంగ్లాండులో ఆల్టన్ టవర్స్ అనే వినోదవనములో 'స్మైలర్' అనే ఉక్కు కోస్టరు 2013లో తెరిచారు. అది పద్నాలుగుసార్లు తలకిందులు చేస్తుంది. ఇలాంటి కోస్టర్లలో పట్టాను భాగాలుగా విభజిస్తారు. ఒక భాగములో ఒక బండి ఉండగా రెండవ బండికి దారి దొరకదు. మన రైల్వేలో బ్లాకు పద్ధతి అన్నట్టే. 2015 జూన్ 2న ఒక ఖాళీ బండి దారిమధ్యలో ఆగిపోయింది. దానిని గుర్తించిన యంత్రము, పదహారుమందితో వస్తున్న బండిని ఆపేసింది. యంత్రము తన పని తాను సరిగా చేసింది. కాని సిబ్బంది అది పొరపాటున ఆపిందనుకున్నారు. పట్టామీద బండి లేదనుకొని, యంత్రము మాటను తోసిపుచ్చి బండిని వదిలారు. అది పోయి ఖాళీ బండిని ఢీకొంది. పలువురు గాయపడ్డారు. ఇద్దరు యువతులకు ఒక్కొక్క కాలు తీసివేయవలసి వచ్చింది. 2016లో న్యాయస్థానము ఆ యాజమాన్యానికి 50 లక్షల పౌండ్ల జరిమానా విధించింది.

ఉక్కు విరగలేదు, చక్రము ఊడలేదు, లెక్క తప్పలేదు. ఆగుమన్న మాటను మనిషి దాటాడు, అంతే. ఖోపోలీ గేటు దగ్గర ఆ కుర్రవాడు మా మాటకు మొహమాటపడి ఉంటే జరిగేది కూడా ఇదే కోవకు చెందినది. అతనికి జీతము ఎంతో మాకు తెలియదు. వరుసలో నిలబడ్డ పెద్దమనుషులందరికంటె అతడు వయస్సులో చిన్నవాడు. అయినా ఆ పదేళ్ళ బాబు ప్రాణము ఆ సమయములో అతని చేతిలో ఉంది. అతడు దానిని రెండు వేళ్ళకు అమ్ముకోలేదు.

కుటుంబాలకు కొన్ని మాటలు

కోస్టరు ఎక్కవద్దని మేము చెప్పము. పిల్లలతో కలిసి గొంతెత్తి అరిచి, దిగిన తరువాత ఒకరినొకరు చూసి నవ్వుకోవడము కుటుంబానికి మంచిదే. అయితే ఈ సంగతులు మరువకండి.

గుండెజబ్బు, ఎక్కువ రక్తపోటు, మూర్ఛ, మెడ లేక నడుము నొప్పి ఉన్నవారు, ఈమధ్య ఆపరేషను అయినవారు, గర్భిణీ స్త్రీలు ఎక్కకూడదు. "ఒక్కసారికి ఏమవుతుంది?" అని వారిని బలవంతపెట్టడము ప్రేమ కాదు. ముందే "నేను ఎక్కను" అని చెప్పిన మా తాతగారివంటివారిని పిరికివారని ఎగతాళి చేయవద్దు. తన శరీరము సంగతి తనకు తెలిసి, నలుగురిలో కాదనగలగడము కూడా ధైర్యమే.

కడుపునిండా తిన్న వెంటనే ఎక్కవద్దు. కూర్చున్న తరువాత తలను వెనుక దిండుకు ఆనించి ఉంచండి. కింద చూడడానికి మెడ ముందుకు వంచితే నొప్పి మిగులుతుంది. జేబులో ఏదీ ఉంచుకోవద్దు. పైనుండి వేగముతో జారిన ఫోను కిందవారికి రాయితో సమానము.

పెద్ద వినోదవనాలకు వెళ్ళలేనివారు మన ఊళ్ళలో జాతరకో, ఎగ్జిబిషనుకో వెళ్తారు. అక్కడి జెయింట్ వీలు, ఊగే పడవ కొద్ది రోజుల కోసము బిగించి, మళ్ళీ విప్పుకొని పోయేవి. కాబట్టి మరింత జాగ్రత్త కావాలి. 2019 జూలై 14న అహ్మదాబాదులోని కాంకరియా దగ్గర లోలకమువలె ఊగే రైడు విరిగిపడి ప్రాణాలు పోయాయి. కుర్చీ ముందుండే కమ్మీకి తాళము లేక తాడుతో కట్టి ఉన్నా, నడిపేవాడు మనిషి సరిగా కూర్చున్నాడో లేదో చూడకుండానే మీట లాగుతున్నా, ఎత్తు, వయస్సు అడగకుండా ఎవరిని పడితే వారిని ఎక్కిస్తున్నా, పిల్లల చెయ్యి పట్టుకొని వెనుకకు వచ్చేయండి. టిక్కెట్టు డబ్బులు పోతే పోయాయి. ఎవరినైనా ఎక్కనిచ్చేవాడు మంచివాడుగా కనబడతాడు. కొలబద్ద పట్టుకొని నిలబడేవాడు కఠినుడుగా కనబడతాడు. మన పిల్లలకు ఇద్దరిలో ఎవరు ఆప్తుడో ఇంటిదగ్గరే చెప్పి తీసుకొని వెళ్ళండి.

పిల్లలను మునివేళ్ళ మీద నిలబడమని నేర్పవద్దు. వాళ్ళు ఎలాగూ పెరుగుతారు. ఇవాళ రెండు వేళ్ళు తక్కువైన బాబు మరుసటి సంవత్సరమో, ఆ పై సంవత్సరమో ఆ గీత దాటతాడు. తన కాళ్ళమీద తాను నిలబడి, మడమలు నేలకు ఆనించి దాటతాడు. అప్పటిదాకా పట్టాల కింద నిలబడి చక్రాలు లెక్కపెట్టుకోవచ్చు. తిరుగు ప్రయాణములో ఆ బాబు, వాళ్ళ నాన్నగారు బస్సు కిటికీ దగ్గర ఒకే కుర్చీలో ఇరుక్కొని కూర్చున్నారు. కాగితముమీద ఇద్దరూ కలిసి నీటిబొట్టు ఆకారములో ఒక చుట్టు గీశారు. దానికింద మూడువైపులా చక్రాలు ఎలా పెట్టాలో బాబు తండ్రికి నేర్పుతున్నాడు.